రెండో చెయ్యి

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు షెడ్డులోకి వెళ్లి కారు ప్లగ్గు చూసి వస్తాను. ప్లగ్గు చుట్టూ ఉంగరమంత దీపం ఉంటుంది. పచ్చగా ఉంటే కారు బతికున్నట్టు. ఎర్రగా ఉంటే ఎక్కడో ఏదో తెగినట్టు. ఏ రంగూ లేకపోతే పాల సంగతి మర్చిపోవాల్సిందే. పద్నాలుగేళ్లలో ఎన్నిసార్లు పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందో నేను లెక్కపెట్టలేదు. అత్తయ్య పెట్టింది.

"కారు మీద ఉన్న ధ్యాసలో సగం పొయ్యి మీద ఉంటే ఈ ఇంట్లో రోజూ టీ దొరికేది" అంటుంది ఆవిడ, హాల్లో కుర్చీలోంచి కదలకుండా.

ఆ కారు పక్కన నిలబడితే నా నడుము దాకా వస్తుంది. ఎర్ర రంగు, ఎండకి వెలిసి ఇప్పుడు ఇటుక రంగులోకి దిగింది. కరెంటుతో నడిచే స్పోర్ట్స్ కార్లు లోకానికి కొత్తగా వచ్చినప్పటి బండి. చప్పుడు ఉండదు, పొగ ఉండదు. సీట్లు రెండే. ఒకటి మా ఆయనది, రెండోది ఎవరొస్తే వాళ్లది. నేను ఆ కారు కిందకి దూరాను, సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలో తల పెట్టాను, స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని వైర్లు లాగాను. సీట్లో కూర్చుని రోడ్డు మీదికి వెళ్లింది మాత్రం ఒక్కసారి, అది మళ్లీ ప్రాణం పోసుకుని కదిలిన రోజున. వీధి చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పారు. గేటు ముందు, ఆ కారు మాకిచ్చిన డాక్టరు గారు నిలబడి ఉన్నారు. "నువ్వు దిగు, ఆయన్ని మెయిన్ రోడ్డు మీద ఒక రౌండు తిప్పి తీసుకొస్తా" అన్నారు మా ఆయన. దిగాను. నా వంతు మళ్లీ రాలేదు.

మొదట అది ఆ డాక్టరు గారి కారే. మూడు నెలలు ఊరెళ్తూ, ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ ఆపినట్టే దీని ప్లగ్గు కూడా పీకేసి వెళ్లారట. ఈ కారు వాడినా వాడకపోయినా లోపల కొద్దికొద్దిగా తినేస్తూనే ఉంటుంది. తిండి పెట్టకపోతే తనని తనే తినేస్తుంది. ఆయన వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. కంపెనీ వాళ్లు బాగు కాదు, మొత్తం మార్చాలన్నారు. "తీసుకెళ్లండి, దాని మొహం చూస్తే నాకు ఏడుపొస్తోంది" అని మా ఆయనకి ఇచ్చేశారు. మా ఆయనకి అప్పటికి మోటార్లకి రాగితీగ చుట్టే చిన్న షెడ్డు ఉండేది. ఏడు నెలలు దాని ముందు కూర్చున్నారు. లేపారు. అప్పటినుంచీ ఆయన్ని అందరూ బ్యాటరీ మాస్టారు అంటున్నారు. అలాంటి పాత కార్లు ఎక్కడ మొరాయించినా లారీ మీద వేసుకుని మా షెడ్డుకే తెస్తారు.

లేపారు అన్నాను. నేను కూడా అలాగే అంటాను, అలవాటు.

బ్యాటరీ పెట్టెలో పదకొండు పలకలు ఉంటాయి, అలమరలో పళ్లేలు పేర్చినట్టు. ఒక్కో పలకలో వేలెడేసి సెల్లులు కొన్ని వందలు. ఒక్కో సెల్లుకీ వెంట్రుకంత తీగ. ఆ వందల్లో ఒకటి పాడైతే అది ఊరికే ఉండదు, పక్కవాటి కరెంటు తాగుతుంది. దాన్ని కనిపెట్టి, తీగ తెంచి, పక్కన పెడితే మిగతావి బతుకుతాయి. చెప్పడానికి ఇంతే. మా ఆయన అరచెయ్యి వెడల్పు. పలకల మధ్యకి దూరలేదు. అప్పుడు వంటింట్లో ఉన్న నన్ను పిలిచారు.

"ఏమే, ఓసారి రా. నీ చెయ్యి సన్నం."

ఇన్నేళ్లలో నా ఒంటి గురించి ఆయన మెచ్చుకోలుగా అన్న మాట అదొక్కటే. వెళ్లాను. ఉంగరం తీసి మేకుకి తగిలించమన్నారు. లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు. తర్వాత నా ఎడమ చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి, నడుము దగ్గర ఏప్రాన్ ముడిలో దోపారు.

"పని ఒక్క చేత్తోనే. రెండు చేతులూ పెట్టావంటే కరెంటు ఇందులోంచి ఎక్కి అందులోంచి దిగుతుంది. మధ్యలో గుండె ఉంది. రెండో చెయ్యి వెనకే ఉండాలి. దురదేసినా సరే, దోమ కుట్టినా సరే, నేను పిలిచినా సరే."

ఆ రోజుల్లో ఆయన బాగా నేర్పారు. ఆ మాట చెప్పకపోతే తప్పు. విసుక్కున్నారు, అరిచారు, కానీ ఏదీ దాచలేదు. మీటరు ముల్లు ఎందుకు ఊగుతుందో, ఏ సెల్లు ముట్టుకుంటే వెచ్చగా ఉంటే అనుమానించాలో, అన్నీ చెప్పారు. వంటింట్లో కూడా నా ఎడమ చెయ్యి దానంతట అదే వెనక్కి పోవడం మొదలైంది. గరిటె తిప్పుతున్నా, గిన్నె దించుతున్నా. "రాణీగారు నడుం మీద చెయ్యేసుకుని వంట చేస్తున్నారు, చూడండి" అని వచ్చినవాళ్లకి చూపించి నవ్వేది అత్తయ్య. వాళ్లూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. మా అమ్మాయి పదో తరగతిలో ఏదో ఫారం నింపుతూ "అమ్మ ఏం పని చేస్తుందని రాయను?" అని అడిగింది. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఏం లేదని రాయి" అన్నారు. నేను అప్పుడు టంకం తగిలి కాలిన వేలికి చల్లటి నీళ్లు పోసుకుంటున్నాను. అమ్మాయి నా వేలి వంక చూసి, ఫారం వంక చూసి, నాన్న చెప్పిందే రాసింది. ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటోంది. దాని తప్పేం లేదు. నేను కూడా అదే రాసేదాన్ని.

ఆరేళ్ల కిందట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట సాసరు చప్పుడు చేసింది. తర్వాత టీ ఒలికింది. తర్వాత కప్పు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టారు. ఎడమ చెయ్యి వచ్చి కుడి చేతిని పట్టుకుంటే వణుకు ఆగుతుంది. చొక్కా బొత్తాం, పెన్ను, తలుపు గడియ, అన్నింటికీ అలాగే. డాక్టర్లు మందులిచ్చారు, పెద్ద గుణం కనిపించలేదు. రెండు చేతులూ కలిస్తేనే ఆయన చెయ్యి నిలుస్తుంది. రెండు చేతులూ పెట్టకూడని పని మాది. అంతే, అక్కడితో ఆయన పని ఆగిపోయింది. ఆగిపోయిందని మేమిద్దరం ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు. ఒకరోజు పనిముట్టు నా చేతిలో పెట్టి లైటు ఆయన అందుకున్నారు. మర్నాడూ అంతే. షెడ్డు షట్టరు సగం కిందకి దిగింది, అది మళ్లీ పైకి లేవలేదు.

ఆయన లైటు పట్టుకుంటే వెలుతురు వణుకుతుంది. మొదట్లో కళ్లు తిరిగేవి. తర్వాత అలవాటైంది. వెలుతురు ఇటు వచ్చినప్పుడు చెయ్యి కదపడం, అటు పోయినప్పుడు ఊపిరి పీల్చుకోవడం. ఆరేళ్లలో ఎన్ని కార్లు బాగు చేశానో, అన్నీ అలా వణికే వెలుతుర్లోనే. బయట చెప్పుల చప్పుడు వినపడితే మాత్రం క్షణంలో అంతా తారుమారయ్యేది. పనిముట్టు ఆయన దగ్గరికి, లైటు నా దగ్గరికి. షట్టరు కింద నుంచి వంగి వచ్చినవాళ్లతో ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మాట్లాడేవారు. ఎడమ చెయ్యి కుడి చేతిని గట్టిగా పట్టుకుని ఉండేది. వాళ్లకి అది పెద్దరికంలా కనిపించేది. "మాస్టారూ, ఇంత పని ఒక్కరే ఎలా చేస్తారండీ?" అని అడిగితే "మా ఆవిడ లైటు పట్టుకుంటుంది" అనేవారు. వాళ్లు నా వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వేవారు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లేదాన్ని.

అత్తయ్యకి అంతా తెలుసు. ఒకసారి చీకటి పడేవేళ నేను చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడి మెల్లగా అంది. "ఎవరితోనూ అనకు. మగాడి చెయ్యి పనికిరాదని పదిమందికీ తెలిస్తే ఇంకేం మిగుల్తుంది వాడికి?" నాకేం మిగిలిందని ఆవిడ అడగలేదు. నేనూ ఆవిడని అడగలేదు.

ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా అమ్మకి బాగా లేదని కబురొస్తే వెళ్లాను. అమ్మకి మింగుడు పడేది కాదు. చెంచాతో నీళ్లు పట్టేదాన్ని. నాలుగో రోజు మా ఆయన ఫోను. "కారు చార్జి ఎక్కట్లేదు. ప్లగ్గు పట్టట్లేదు. నా వల్ల కావట్లేదు, రా." అమ్మకి చెప్పాను. ఏమని చెప్పానో కూడా గుర్తుంది. "నేను వెళ్లకపోతే కారు చచ్చిపోతుందమ్మా" అన్నాను. అమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే వెళ్లు మరి" అంది. బస్సులో ఆరు గంటలు కూర్చుని వచ్చాను. ప్లగ్గు దూరే చోట ఒక చిన్న స్క్రూ వదులైంది. గోడ స్విచ్చు ఆపి, రెండు చేతులూ పెట్టి ఆ స్క్రూ బిగించాను. పొయ్యి మీద పెట్టిన టీ మరిగేలోపు అయిపోయింది. పచ్చ దీపం వెలిగింది. ఆయన "హమ్మయ్య" అన్నారు. రెండో రోజు పొద్దున కప్పులు కడుగుతుంటే ఫోనొచ్చింది. అమ్మ పోయింది. "మీ అమ్మకి వయసైపోయింది కదే, నువ్వుండి మాత్రం ఏం చేసేదానివి?" అన్నారు ఆయన. ఓదార్పుకే అన్నారు. కారుకీ వయసైపోయింది అని నేను అనుకున్నాను. అనలేదు.

ఈమధ్య శిక్షణ కేంద్రం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కుర్రకారుకి కరెంటు బళ్ల పని నేర్పే చోటు అది. వాళ్ల దగ్గర ఇలాంటి పాత కార్లు మూడు చచ్చి పడున్నాయట. పని తెలిసినవాళ్లు వచ్చి మూడు నెలలు ఉండి నేర్పాలట. ముందు అక్కడి మేడం ఒకావిడ వచ్చి మాస్టారి పని చూసి, వీడియో తీసుకుని వెళ్తుందట. మా ఆయన ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నారు. "నువ్వు కూడా వద్దువుగాని. లైటు పట్టుకోవాలిగా" అన్నారు.

మేడం వచ్చే ముందురోజు నేను ఏడో పలక తీసి, పాడైన సెల్లులు రెండు పక్కన పెట్టి, మళ్లీ బిగించాను. మర్నాడు ఆయన మూత తీసి, ఎలా చేశామో చెబితే చాలు. పని అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ అడిగాను. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది. లోకమంతటికీ చాటమని నేను అడగలేదు. ఒక్క మనిషి ముందు, ఒక్కసారి, ఆయన నోటితో.

"ఏమండీ, వచ్చేది ఆవిడ ఒక్కతే కదా. ఆవిడకి చెబుదామా?"

"ఏం చెబుదాం?"

"పని నేను చేస్తున్నానని."

ఆయన గుడ్డ మడత పెడుతున్నారు. రెండు చేతులతో మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు.

"లైటు పట్టుకోవడం కూడా పనే" అన్నారు.

ఆ రోజంతా ఆ మాట నమిలాను. ఆయన తన గురించి అన్నారా, నా గురించి అన్నారా? నా గురించైతే, లైటు పట్టుకుంటున్నావు కదా, అది కూడా గౌరవమే, సరిపెట్టుకో అని. తన గురించైతే, ఆరేళ్లుగా నేను పట్టుకుంటున్నాను, నన్నూ మనిషిగా చూడు అని. రెండోదే అయ్యుంటుందని అనుకుంటే నాకు జాలేసింది. మొదటిదే అయ్యుంటుందని అనుకుంటే నా మీద నాకే జాలేసింది. ఏదైనా నా జాలి ఖర్చవుతూనే ఉంది.

మేడం పదకొండింటికి వచ్చింది. నా వయసే ఉంటుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, బూట్లకి దుమ్ము. షెడ్డు గుమ్మంలోనే చేతి గడియారం విప్పి సంచిలో వేసుకుంది. ఎవరూ చెప్పకుండానే. నా ఉంగరం అప్పటికే మేకుకి ఉంది. మా ఆయన వైపు చూశాను. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకున్నారు, వేలికి ఉంగరం ఉంది, మణికట్టుకి గడియారం ఉంది. ఆరేళ్లుగా అవి తీయాల్సిన పని ఆయనకి పడలేదు. వీడియోలో బాగా కనపడాలని పెట్టుకున్నారు.

మేడం ఫోను స్టాండు మీద బిగించింది. ఆయన మాట్లాడారు. బాగా మాట్లాడారు. డాక్టరు గారు ప్లగ్గు పీకేసిన కథ చెబితే మేడం నవ్వింది. మూత తీయించారు, పలకలు చూపించారు. నేను లైటు పట్టుకున్నాను. నేను పట్టుకుంటే వెలుతురు కదలదు. అత్తయ్య లోపలి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది.

మేడం తన మీటరు తీసి ఒక్కో పలకకీ ఆనించి చూసింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని చూసింది. మూడో పలక దగ్గర ఆగింది.

"మాస్టారూ, ఇందులో కూడా చార్జి దిగుతోంది కదా? ఏడోది ఎలాగూ అయిపోయింది. ఇదొక్కటి నా కళ్ల ముందు చేసి చూపించండి."

"దానికి టైము పడుతుందమ్మా. రేపు తీరిగ్గా చేస్తాను."

"పర్లేదు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

ఆయన నా వైపు చూశారు. ఏదో ఒక సాకు చెప్పమన్నట్టు. పని ఉందనో, కరెంటు పోతుందనో. నేను చెప్పలేదు. చెప్పకూడదని కాదు, నాకు ఏదీ తట్టలేదు. గుమ్మంలోంచి అత్తయ్య "చెయ్యరా, నీకదో పెద్ద పనా" అంది. ఆవిడ గొంతులో భయం నాకు వినపడింది.

ఆయన పుల్లలాంటి ఆ సన్న పనిముట్టు తీసుకున్నారు. చెయ్యి పలక మీదికి వెళ్లింది. కొస సెల్లుల మీద టకటకమని కొట్టుకుంది, వాన చినుకుల్లా. ఆయన ఆపారు. మళ్లీ పెట్టారు. మళ్లీ టకటక. అప్పుడు, ఆరేళ్లుగా కప్పుకీ బొత్తానికీ వస్తున్నట్టే, ఆయన ఎడమ చెయ్యి వెనక నుంచి ముందుకి వచ్చింది. ఉంగరంతో, గడియారంతో, కుడి చేతికి సాయంగా, తెరిచిన బ్యాటరీ మీదికి.

"రెండో చెయ్యి!"

అరిచింది నేనే. లైటు రబ్బరు పిడితో ఆయన మణికట్టు మీద కొట్టాను. గట్టిగానే తగిలింది. పనిముట్టు ఎగిరి నేల మీద పడింది.

మేడం ఆయన చేతుల వంక చూసింది. తర్వాత నా వెనక వైపు చూసింది. నేను అరిచినప్పుడూ, కొట్టినప్పుడూ నా ఎడమ చెయ్యి నడుము దగ్గర ఏప్రాన్ ముడిలోనే ఉంది. కదల్లేదు. నాకే తెలీదు అది అక్కడ ఉందని. మేడం చూశాక తెలిసింది.

"మీరెన్నేళ్లుగా చేస్తున్నారండీ?" అని అడిగింది. నన్నే.

"మా ఆవిడ లైటు పట్టుకుంటుందమ్మా" అన్నారు ఆయన. నేల మీది పనిముట్టు వంక చూస్తూ అన్నారు. మణికట్టు రుద్దుకుంటున్నారు.

నేను ఆగాను. ఇప్పుడైనా ఇంకో మాట అంటారేమోనని ఆగాను. "కానీ" అని మొదలుపెడతారేమో, "నిజం చెప్పాలంటే" అంటారేమో అని. ఆయన అనలేదు. ఆ మనిషిని చూస్తుంటే నాకు కోపం రాలేదు. కోపం వచ్చుంటే హాయిగా ఉండేది. ఈ చెయ్యే కదా నా చేతిని వెనక్కి తిప్పి ముడిలో దోపింది. ఈ చెయ్యే కదా నా ప్రాణం కాపాడే మాట నేర్పింది. ఇప్పుడు అది చచ్చిపోయేంత తప్పు చెయ్యబోయింది, అది కూడా వణుకు కనపడకుండా ఉండటానికి. కరెంటు కొట్టి చచ్చిపోయినా పర్లేదు, చెయ్యి వణికిందని మాత్రం తెలియకూడదు. ఆ పరువు కాపాడటానికే నేను ఆరేళ్లుగా టీలు పెట్టాను, షట్టరు దించాను. ఇంకో ఆరేళ్లు కూడా చెయ్యగలను. ఒక సాకు చెబితే చాలు, మేడం మర్యాదస్తురాలు, నమ్మినట్టు నటిస్తుంది. తర్వాత మూడు నెలలు వెళ్తాం, అక్కడ కూడా ఒక షట్టరు సగం దింపుకుంటాం. మళ్లీ ఏదో ఒకరోజు ఎడమ చెయ్యి ముందుకి వస్తుంది. అప్పుడు నా చేతిలో లైటు ఉంటుందో, టీ కప్పులుంటాయో.

వంగి పనిముట్టు తీసుకున్నాను. లైటు ఆయనకి అందించాను.

"ఏమండీ, ఇది పట్టుకోండి."

ఆయన తీసుకోలేదు.

"లైటు పట్టుకోవడం కూడా పనే" అన్నాను. వెటకారంగా అనలేదు. దేవుడి సాక్షిగా, నిజంగానే అన్నాను.

తీసుకున్నారు. వెలుతురు వణికింది. గోడ మీద, రేకుల మీద, మేడం మొహం మీద ఊగింది. అత్తయ్య లేచి లోపలికి వెళ్లిపోయిన చప్పుడు వినపడింది. మేడం ఫోను దగ్గరికి వెళ్లి ఆపబోయి, నా వైపు చూసింది. ఉండనివ్వండి అన్నట్టు తలూపాను. ఇరవై నిమిషాలు పట్టింది. వెచ్చగా ఉన్న సెల్లుని కనిపెట్టడం, తీగ తెంచడం, పక్కన పెట్టడం. మేడం అడుగుతుంటే నేను చెప్పాను. షెడ్డులో నా గొంతు అంతసేపు వినపడటం నాకే కొత్తగా ఉంది. తర్వాత చూశాను ఆ వీడియో. అందులో నా మొహం లేదు. నా చెయ్యి ఒక్కటే ఉంది, దాని మీద వణికే వెలుతురు.

మేడం వెళ్లాక ఆయన అన్నది రెండు మాటలే. "తీశావు పరువు." నాలుగు రోజులు అవే మాటలు ఇల్లంతా తిరిగాయి. ఆయన మళ్లీ అనలేదు, అనక్కర్లేకపోయింది.

అయిదో రోజు ఆయన ఫోను మోగింది, శిక్షణ కేంద్రం నుంచి. మాట్లాడి, రెండు చేతులతో పట్టుకుని వంటింట్లోకి తెచ్చారు. "నీకే" అన్నారు. మూడు నెలలు, ఒకటో తారీకు నుంచి, ఉండటానికి గది ఇస్తారు, నేనొక్కదాన్నే. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఆ సాయంత్రం అత్తయ్య తనంతట తనే వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"మీ మామగారికీ ఇలాగే వణికేది" అంది.

నేను పెళ్లై వచ్చేసరికి మామగారు లేరు. కోట్లు కుట్టేవారని తెలుసు.

"ఆఖరి ఏడేళ్లు బొత్తాం కాజాలన్నీ నేనే కుట్టాను. ఆయన షాపులో కూర్చుని కొలతలు చెప్పేవాడు, నేను ఇంట్లో కుట్టేదాన్ని. ఊళ్లో ఆయన కాజాకి పేరుండేది. పోయాక షాపు మూసేశారు. ఇంకెవరు కుడతారు, కుట్టేవాడు పోయాడుగా అన్నారు." ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంది. "నేను అక్కడే నిలబడి ఉన్నా. ఎదురుగ్గానే."

నేను పొయ్యి కట్టేసి ఆవిడ పక్కన కూర్చున్నాను. తర్వాత ఆవిడ గోడ పట్టుకుని లేచింది.

"పాలు నేను చూసుకుంటాలే" అంది.

ఒకటో తారీకు పొద్దున్న బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి, మా ఆయన్ని షెడ్డులోకి పిలిచాను. ఈమధ్య ఆ కారు వీధి చివరిదాకా వెళ్లి రావడమే గగనం. పలకలు ఒక్కొక్కటీ అలిసిపోతున్నాయి. అయినా రోజూ తిండి పెట్టాలి. గోడ స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, ఆయన చేతికి ఇచ్చాను.

"పెట్టండి."

ఆయన కుడి చేత్తో తీసుకున్నారు. ఎడమ చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. ఆయన నాకు నేర్పిందే. ప్లగ్గు కొస అంచుకి తగిలి టకటకమంది. మూడుసార్లు ప్రయత్నించారు.

"చూశావుగా, నా వల్ల కాదు. నువ్వు లేకపోతే ఇది చస్తుంది" అన్నారు. ప్లగ్గు వంక చూస్తూ, చిన్నగా అన్నారు. "పట్టకపోతే ఫోన్ చేస్తా. వచ్చేస్తావుగా?"

"ఎడమ చెయ్యి ముందుకి తీయండి" అన్నాను.

"కరెంటు..."

"స్విచ్చు ఆపాను. అందులో కరెంటు లేదు. దీనికి రెండు చేతులూ పెట్టొచ్చు."

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా ముందుకి వచ్చి కుడి చేతిని పట్టుకుంది. వణుకు ఆగింది. ప్లగ్గు క్లిక్కుమని కూర్చుంది. నేను గోడ స్విచ్చు వేశాను. పచ్చ దీపం వెలిగింది. ఆయన నా వైపు తిరిగారు, మొహమంతా నవ్వుతో. ఎన్నేళ్లయిందో ఆ నవ్వు చూసి.

"పట్టిందే!" అన్నారు.

"పడుతుంది" అన్నాను. బ్యాగు తీసుకున్నాను. "మా అమ్మ దగ్గర్నుంచి నన్ను పిలిచిన రోజు కూడా పట్టేదండీ."